తుడిస్తే పోని చెమట

అధ్యక్ష స్థానంలో కూర్చున్న మా కంపెనీ యజమాని మీర్తా ఒబిలినోవిచ్ గారికి, ఆవిడ పక్కన కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న నగరసభ పెద్దమనిషికి, గాజు పనివాళ్ళ సంఘం తమ్ముళ్ళకి, పొద్దున్నుంచీ గొర్రెపిల్లను నిప్పు మీద తిప్పుతూ కళ్ళు ఎర్రజేసుకున్న వంటవాళ్ళకి, మొదటి వరసలో కూర్చుని కాలరు సరిచేసుకోమని నాకు సైగ చేస్తున్న మా ఆవిడ ఎల్బాకి, నన్ను పని నుంచి సాగనంపడానికి ఈ గాలిలో ఎదురీది ఇంతదూరం వచ్చిన పేటవాళ్ళందరికీ నోల్‌బెర్తో ఒయార్సో నమస్కారాలు. కాలరు బాగానే ఉంది ఎల్బా. (నవ్వులు)

నేను బడికి వెళ్ళింది మూడు చలికాలాలే. ఈ నాలుగు కాగితాలూ నేనే రాసుకున్నాను, అందుకు పదకొండు రోజులు పట్టింది. ఆఫీసు అమ్మాయి చేత టైపు చేయిస్తానని మీర్తా గారు అంటే వద్దన్నాను, ఎందుకు వద్దన్నానో వినేసరికి మీకే తెలుస్తుంది. చదువుతూ చదువుతూ ఎక్కడైనా ఆగితే అక్షరం కోసం వెతుక్కుంటున్నానని అనుకోండి. గొంతు పూడుకుపోయిందనుకుని ఎవరూ నీళ్ళు పట్టుకురాకండి.

ఇందాక రోసమెల్ విదాల్ నా గురించి మాట్లాడాడు. వాడు ఇరవై ఆరేళ్ళు నా పక్క బల్ల మీద పనిచేశాడు. నేను నిచ్చెన ఎక్కినప్పుడల్లా కింద పట్టుకోవలసినవాడు రోడ్డు మీద పోయేవాళ్ళతో కబుర్లు పెట్టుకునేవాడు, ఇవాళ మాత్రం గట్టిగా పట్టుకుని నన్ను బాగా పైకెక్కించాడు. (నవ్వులు) వాడు నా చేతికిచ్చిన ఈ ఇత్తడి పలక మీద ఏం చెక్కారో వెనక కూర్చున్నవాళ్ళకి కనబడదు, చదువుతాను. "యాభై రెండేళ్ళలో ఈయన చేసిన అద్దం ఒక్కటీ తిరిగి రాలేదు."

అబద్ధం కాదు. ఒక్కటీ తిరిగి రాలేదు. కానీ తిరిగి రావడానికి అద్దానికి కాళ్ళు లేవు కదా. మనం దాన్ని గోడలో బిగించి, చుట్టూ బంక పూసి, చేతులు తుడుచుకుని వచ్చేస్తాం. తిరిగి వెళ్ళవలసింది మనం. నేను తిరిగి వెళ్ళని ఇల్లు ఒకటుంది. ఆ సంగతి చెప్పకుండా ఈ పలక పట్టుకుని ఇంటికి పోతే ఇది మా గోడకి వేలాడినన్నాళ్ళూ నాకు నిద్ర పట్టదు. అందుకని గొర్రెపిల్ల కాసేపు ఆగాలి. వంటవాళ్ళు మంట తగ్గించండి.

భూమి దక్షిణపు కొసన ఉన్న మన పుంతా అరేనాస్‌లో చలి ఆపడానికి రెండు గాజు పలకలు కలిపి కట్టే జంట అద్దాలకి రెండు జబ్బులని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఒకటి చెమట, రెండోది ఏడుపు. చెమట గది వైపు పడుతుంది. కిటికీలన్నీ బిగించి, తడిబట్టలు స్టవ్వు మీద దండెం కట్టి ఆరేసి, మూత పెట్టకుండా సూపు కాచి, ఆ పైన గాజువాణ్ణి తిడతారు చూడండి, అది చెమట. దానికి మందు నేను కాదు. పొద్దున్నే అయిదు నిమిషాలు, గాలి ఎంత ఉన్నా సరే, ఎదురెదురు కిటికీలు రెండు తెరవండి, గిన్నె మీద మూత పెట్టండి, పోతుంది. నలభై ఏళ్ళుగా చెబుతున్నాను, మా ఇంట్లోనే వినరు. (నవ్వులు) బయటి వైపు పొద్దున్నే పట్టే మసక అసలు జబ్బే కాదు. లోపలి వేడి బయటికి పోవడం లేదని, అద్దం మంచిదని అది చెబుతుంది. దాన్ని చూసి కంగారుపడి నాకు ఫోను చేసినవాళ్ళు ఈ హాల్లో నలుగురున్నారు, పేర్లు చెప్పను, డాక్టరు గారూ మీరు తల దించుకోనక్కర్లేదు.

ఏడుపు వేరు. ఏడుపు రెండు పలకల మధ్య ఉంటుంది. అక్కడికి మీ గుడ్డ వెళ్ళదు, మీ వేలు వెళ్ళదు, మీ ప్రార్థన కూడా వెళ్ళదు. రెండు పలకల మధ్య అంచు చుట్టూ బోలుగా ఉండే అల్యూమినియం పట్టీ పెడతాం, ఆ బోలులో ఆవాలంత గింజలు పోస్తాం, లోపల మిగిలిన తేమను ఆ గింజలే తాగేస్తాయి. గింజలు మంచివై, బంక గట్టిదైతే అద్దం ఇరవై ఏళ్ళు కళ్ళు తుడుచుకోనక్కర్లేదు. ఏడ్చిందంటే చేసినవాడిదే తప్పు. చెమటైతే ఇంటివాళ్ళది, ఏడుపైతే మేస్త్రీది. ఈ మాట ఈ ఊళ్ళో పుట్టించిందే నేను. ఎవరైనా పిలిస్తే వెళ్ళేవాణ్ణి, ఇదిగో ఈ చూపుడువేలుతో అద్దం మీద ఒక గీత గీసేవాణ్ణి, వేలు తడిస్తే చెమట, తడవకపోతే ఏడుపు. న్యాయాధిపతి కూడా ఇంత తొందరగా తీర్పు చెప్పడు. నా వేలి మీద జనానికి అంత నమ్మకం ఉండేది. నాకైతే ఇంకా ఎక్కువ.

ఇప్పుడు రెండు వేల మూడో సంవత్సరం సంగతి చెప్పాలి. హెర్మిందా కార్కమో గారు వచ్చారా? వచ్చారు, ఆ చివర, తలుపు దగ్గర. తలుపు దగ్గర చలి కొడుతుంది, ముందుకి రండమ్మా అంటే రారు, నాకు తెలుసు. ఇందాక మీరందరూ వెన్న రాసుకుని తిన్న రొట్టె ఆవిడ చేతిదే. కొండ మీది వీధిలో ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా రొట్టెలు చేస్తోంది, వంటింటి కిటికీ రోడ్డు వైపే ఉంటుంది, పొద్దున్న ఆ కిటికీలో ఆవిడ తల కనబడిందంటే రొట్టె అయిందని వీధి వీధంతా సంచులు పట్టుకుని బయల్దేరేది. ఆ కిటికీకి జంట అద్దం నేనే వేశాను, మే నెలాఖరున, చలి మొదలవుతూనే. ఎనభై నాలుగు సెంటీమీటర్ల వెడల్పు, నూట పన్నెండు ఎత్తు. నా మనవల పుట్టినరోజులు నాకు గుర్తుండవు, ఈ కొలత గుర్తుంది.

జులైలో కబురు పంపింది. వెళ్ళాను. లోపల పొయ్యి మండుతోంది, కెటిల్ కూస్తోంది, బల్ల మీద పిండి పొంగుతోంది, ఆవిరికి నా మీసమే తడిసిపోయింది. అద్దం తెల్లగా మసకబారి ఉంది. నేను అందరి ముందు చేసినట్టే వేలు పెట్టి పైనుంచి కిందికి ఒక గీత గీశాను. వేలు తడిసింది. ఆ తడివేలు ఆవిడ మొహం ముందు పెట్టి, చూశారా, చెమట, మీ పొయ్యీ మీ కెటిలూ చేస్తున్న పని ఇది, నా అద్దానికి ఏమీ కాలేదు అన్నాను.

(కాసేపు ఆగి) అక్షరం కోసం వెతకడం లేదు. ఇది రాయడానికే మూడు రోజులు పట్టింది.

నేను గీసిన గీతలోంచి రోడ్డు కనబడాలి కదా. కనబడలేదు. గది వైపు తడి పోయింది, దాని వెనకాల మసక అలాగే ఉంది. చెమట వెనకాల ఏడుపు ఉంది. నేను చూశాను. చూసి, తల తిప్పుకుని, టోపీ పెట్టుకుని, మెట్లు దిగి వచ్చేశాను. నేను చేసిన అద్దం ఏడవదని ఊళ్ళో చెప్పుకుంటున్న రోజులవి, ఆ మాట అందరికంటే ఎక్కువసార్లు చెప్పింది నేనే.

ఆ తర్వాత ఆవిడ ఏం చేసిందో ఇక్కడ చాలామందికి తెలుసు, ఎందుకు చేసిందో తెలీదు. మేస్త్రీ చెప్పాడంటే అంతేనని పొయ్యి ఊడదీయించి పెరట్లో రేకుల షెడ్డులో పెట్టించుకుంది. జులై, ఆగస్టు, సెప్టెంబరు. ఆ షెడ్డులో పిండి పొంగక, పిండిగిన్నెకి తన ఉన్నికోటు చుట్టి తను శాలువాతో నిలబడేది. ఆ చలికాలం రొట్టె రాయిలా వచ్చింది. నేను మా ఇంట్లో బల్ల ముందు కూర్చుని ఆ రొట్టె నమలలేక, హెర్మిందాకి చేతివాటం పోయింది అని విసుక్కున్నాను. ఎల్బా గిన్నె కడుగుతూనే, షెడ్డులో చేస్తోంది పాపం, వంటింట్లో పొయ్యి పెడితే కిటికీ పాడవుతుందని ఎవరో మహానుభావుడు చెప్పాడట అంది. ఆ మహానుభావుడు నోట్లో ముక్క మింగలేక మంచినీళ్ళు తాగాడు.

సెప్టెంబరు చివర ఆవిడే మా గాజు పని షెడ్డుకి వచ్చింది. చుట్టూ పనివాళ్ళున్నారు, రోసమెల్ ఉన్నాడు, వాడికి గుర్తుండదు, ఎవరితోనో కబుర్లలో ఉంటాడు. ఆవిడ గొంతు పెంచలేదు.

"మేస్త్రీ గారూ, మీరు చెప్పారని పొయ్యి బయటికి పంపాను. కెటిల్ బయటికి పంపాను. మీ అద్దం ఇంకా అలాగే ఉంది. ఇప్పుడు ఇంట్లోంచి ఎవరిని పంపమంటారు?"

నేనేమన్నానో చెబుతాను, దాచుకోను. "ఎండలు రానివ్వండమ్మా" అన్నాను. ఆవిడ సరేనని వెళ్ళిపోయింది. పొయ్యి మళ్ళీ వంటింట్లోకి తెచ్చుకుంది. ఆ తర్వాత ఒక్కసారి కూడా అడగలేదు. తిట్టినా బాగుండేది.

ఆ వారంలోనే ఇంకో రెండిళ్ళ నుంచి కబురొచ్చింది. రెండూ ఏడుపే, ఈసారి వేలు పొడిగానే ఉంది. అప్పుడు నా నోటుబుక్కు తీశాను. అందులో రాత తక్కువ, బొమ్మలు ఎక్కువ, ఎండ ఉన్న రోజుకి సున్నా, మంచు కురిసిన రోజుకి చుక్క. ఆ మూడు అద్దాలూ చుక్క రోజులవే. మే నెలలో మూడు రోజులు మంచు ఆగకుండా కురిసింది, గుర్తుందా, పడవలు కూడా కదల్లేదు. ఆ మూడు రోజుల్లో మొత్తం పదకొండు అద్దాలు కట్టాను. ఆ రోజుల్లో ఏం చేశామా అని ఒకటొకటిగా గుర్తుచేసుకుంటూ కూర్చున్నాను. షెడ్డు తలుపులు బిగించాం. స్టవ్వు రాజేశాం. మాతె ఆకుల టీ తాగకుండా మనం సుత్తి కూడా ఎత్తం కదా, కెటిల్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ స్టవ్వు మీదే ఉడుకుతూ ఉంది. గింజల డబ్బా చలిలో ఉంటే చెమ్మగిల్లుతుందేమోనని, వెచ్చగా పొడిగా ఉండాలని, ఎంతో తెలివిగా, నా రెండు చేతులతో మోసుకొచ్చి స్టవ్వు పక్కన పెట్టాను. మాటిమాటికీ తీసుకోవాలి కదాని మూత కూడా పెట్టలేదు.

మూడు రోజులు మేం మాతె తాగాం, గింజలు మా కెటిల్ ఆవిరి తాగాయి. కడుపు నిండిన గింజలు పట్టీలోకి వెళ్ళి ఇంకేం తాగుతాయి? ఊరంతా తిరిగి ఆడవాళ్ళందరికీ మీ కెటిల్ వల్లే, మీ కెటిల్ వల్లే అని చెప్పినవాడి అద్దాలు వాడి కెటిల్ వల్లే ఏడ్చాయి. (నవ్వులు) నవ్వండి, నేనూ నవ్వాను, పదేళ్ళ తర్వాత.

ఇదీ రోసమెల్, నువ్వు పంతొమ్మిదేళ్ళుగా అడుగుతున్న ప్రశ్నకి జవాబు. షెడ్డులో కెటిల్ ఉండకూడదని, మాతె కావలసినవాడు బయట అరుగు మీద తాగాలని అప్పటికప్పుడు రూలు పెట్టాను, అడిగితే నిప్పు ప్రమాదం అన్నాను. గాలికి టోపీలు ఎగిరిపోతుంటే వాటి వెనక పరిగెత్తుతూ మీరంతా నన్ను ఏమేం తిట్టేవారో నాకు లోపలికి వినబడేది. ముసలాడికి పిచ్చి ముదిరింది అన్నది నువ్వే. (నవ్వులు, "నేనే" అని రోసమెల్) అయినా ఎవడూ ఆ రూలు తప్పలేదు. ఆ తర్వాత మన షెడ్డులోంచి వెళ్ళిన అద్దం ఒక్కటీ ఏడవలేదు. కాబట్టి ఈ పలక మీద ఉన్న పేరులో సగం, చలిలో నిలబడి మాతె తాగిన మీ అందరిదీ.

పదకొండులో పది అద్దాలు నేను మార్చేశాను. ఆదివారాలు కూర్చుని కట్టి, ఒక్కొక్కటే తీసుకెళ్ళి, ఒక ఇంట్లో కీలు చూడ్డానికొచ్చానని, ఒక ఇంట్లో కొత్తరకం బంక వచ్చిందని, ఒక ముసలాయనకైతే మీ కిటికీ మా కంపెనీ లాటరీలో గెలిచిందని చెప్పాను. మీర్తా గారూ, మన కంపెనీ లాటరీ ఎప్పుడూ పెట్టలేదని నాకు తెలుసు. (పెద్దగా నవ్వులు) పదిళ్ళలోనూ అబద్ధమాడాను గానీ, పదిళ్ళలోనూ రోడ్డు కనబడేలా చేశాను. పదకొండో ఇంటికి అబద్ధం దొరకలేదు. అక్కడ ఒకటి ముందే చెప్పేసి వచ్చాను కదా. ఆ గుమ్మం ఎక్కాలంటే నిజమే చెప్పాలి, నిజం చెప్పడానికి నా నోరు పంతొమ్మిదేళ్ళు పెగల్లేదు.

ఆ పంతొమ్మిదేళ్ళూ నేను ఆ వీధిలోంచి నడవలేదు. కొండ మీదికి వెళ్ళాలంటే కిందనుంచి చుట్టు తిరిగి, ఈ గాలిలో, ఈ మోకాళ్ళతో, మెట్లదారిన ఎక్కేవాణ్ణి. వ్యాయామం అని చెప్పేవాణ్ణి. ఆవిడ రొట్టె ఇంట్లోకి తేవద్దని ఎల్బాకి చెప్పాను. ఎల్బా సరేనంది. సరేనని రోజూ తెచ్చింది, వేరే సంచిలో పెట్టి. నాకు తెలియదనుకున్నావా ఎల్బా? మొదటి రోజే తెలుసు. తిన్నాను. (నవ్వులు)

వేరే గాజువాళ్ళు ఆవిడ దగ్గరికి వెళ్ళి, ఎన్నాళ్ళమ్మా ఈ మసక, మేం మారుస్తాం అన్నారట. పెట్టినవాడే తియ్యాలి అని పంపేసిందట. క్షౌరం చేయించుకుంటుంటే ఆ కుర్చీలోనే విన్నాను ఆ మాట, సగం గడ్డంతో లేచిపోవాలనిపించింది. అంటే ఆవిడ కూడా వీధి కనబడని కిటికీ వెనక కూర్చుని ఎదురుచూస్తోంది. రొట్టె అయిందని జనానికి కిటికీలో కనబడే తల ఇప్పుడు కనబడదు, ఆవిడే గుమ్మంలోకి వచ్చి, ఈ చలిలో నిలబడి చెప్పాలి. నా చేతి గుర్తు ఆ అద్దంలోనే ఉంది. పేరు రాయాలంటే నాకు పొద్దుపోతుంది కాబట్టి ప్రతి పట్టీ మీదా పెన్సిలుతో గాలంలా ఒక కొక్కెం గీస్తాను, మీకు తెలుసు. ఆ మసకలో ఆ కొక్కెం కూడా కనబడడం మానేసి ఉంటుంది.

మీర్తా గారూ, మీ నాన్నగారు నన్ను పనిలో పెట్టుకున్న రోజున చెప్పింది ఒక్కటే, చెయ్యి జారితే చెప్పు అన్నారు. జారింది. ఆలస్యంగా చెబుతున్నాను. మీ కంపెనీ పేరు మీద ఆడిన అబద్ధాలకి మీ ముందు తల వంచుతున్నాను. టైపు చేయించుకోనిది అందుకే, ఇది ముందు మీకూ ఆఫీసు అమ్మాయికీ తెలిసిపోతే నేను ఇక్కడిదాకా వచ్చేవాణ్ణి కాదు. రోసమెల్, ఈ పలక తీసుకో, ఆ 'ఒక్కటీ తిరిగి రాలేదు' అన్నది గీకించి పట్టుకురా, అప్పుడు గోడకి కొడతాను.

ఇంకొక్క మాట. తలుపు పక్కన గోడకి ఆనించి, దుప్పటి చుట్టి ఒకటి నిలబెట్టి ఉంది, అది ఏమిటని వచ్చేటప్పుడు కొందరు అడిగారు, ఎవరో బల్ల అనుకుని దాని మీద కోట్లు కూడా వేశారు. అది నేను కట్టిన ఆఖరి అద్దం. ఎనభై నాలుగు, నూట పన్నెండు. గింజల డబ్బా కొత్తది తెరిచి, అయిదు నిమిషాల్లో పోసి మూసేశాను, చుట్టుపక్కల అరమైలు దూరంలో కెటిల్ లేదు. హెర్మిందా గారూ, ఆ రోజు నా వేలు తడిసింది గానీ దాని వెనకాల ఉన్నది నేను చూశాను. మీ పొయ్యి తప్పేమీ లేదు. మీ కెటిల్ తప్పేమీ లేదు. సోమవారం పొద్దున్న మీ ఇంటికి రావచ్చా అని అడుగుతున్నాను.

(చివరి వరసలోంచి హెర్మిందా గారు కుర్చీ పట్టుకుని లేచారు.)

"సోమవారం నాకు రొట్టెల పని ఎక్కువ. మంగళవారం రండి." (మళ్ళీ కూర్చోబోతూ) "కెటిల్ పొయ్యి మీదే ఉంటుంది. ఈసారి తప్పు దాని మీదికి నెట్టకండి."

నెట్టను.

మంగళవారం. పై వీధిలోంచే వస్తాను, మెట్లదారిన రాను. అధ్యక్షురాలికి, ఓపిగ్గా విన్న మీ అందరికీ, చలిలో మాతె తాగిన నా పనివాళ్ళకి, నాకు తెలియకుండా తెచ్చానని అనుకుంటూ రొట్టె పెట్టిన ఎల్బాకి చేతులెత్తి దండం. గొర్రెపిల్ల మాడిపోకముందే భోజనానికి లేవండి. లేచేటప్పుడు ఆ అద్దం మీది కోట్లు ఎవరివి వాళ్ళు తీసుకోండి, జాగ్రత్తగా తీయండి, దాని కోసం పంతొమ్మిదేళ్ళుగా ఎదురుచూస్తున్న మనిషి ఉంది.

సెలవు.